మా ట్రేసరుగారి కొల్లేరు

మా ట్రేసరుగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దుటి పాసింజరులో తాడేపల్లిగూడెం నుంచి దిగిన రైతు ఒకాయన, తన బోదె కాలువ పిటీషను ఎంతదాకా వచ్చిందో కనుక్కోవడానికి ఏలూరులో మా కాలువల ఆఫీసుకి వచ్చాడు. పని అయ్యాక వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "అన్నట్టు, ఇక్కడ మ్యాపులు గీసే ఆయన ఉండేవారు కదండీ, చెయ్యి వణికేది. రాత్రి పోయారండి పాపం. మా వీధి చివరే ఉండేవారు" అనేసి గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. తరవాత మా హెడ్డుగుమాస్తాగారు లేచి, "మధ్యాహ్నం బండికి నేను వెడుతున్నాను. వచ్చేవాళ్ళు రండి" అన్నారు. సెలవుచీటీ రాయకుండా ఆయన ఆఫీసు గడప దాటడం నేను చూసింది అదే మొదటిసారి.

ఈ నాలుగు మాటలు రాయమని నన్నెవరూ అడగలేదు. నేను రాయకపోతే రేపు ఏ సంతాపసభలోనో ఎవరో లేచి ఆయన్ని కళాతపస్వి అనేస్తారని భయం వేసి రాస్తున్నాను. ఆయన తపస్సూ చెయ్యలేదు, గిపస్సూ చెయ్యలేదు. మొండిపట్టు పట్టారు. ఆ పట్టు వల్లనే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నకళ్ళు రాసుకునే గుమాస్తాలం మేం బొమ్మలు అచ్చువెయ్యడం నేర్చుకున్నాం. మా బొమ్మలు మా ఆఫీసులోనే వేలాడదీసుకుని ఊరందరినీ పిలిచి చూపించుకున్నాం. ఆయన రాకపోతే నా బతుకులో ఆ శనివారం లేదు.

ట్రేసరు అంటే ఏమిటో అందరికీ తెలియదు. ఇంజనీర్లు గీసిన కాలువ మ్యాపు మీద పలుచటి ట్రేసింగు గుడ్డ పరిచి, కింద కనబడే ప్రతి గీతనీ పైన మళ్ళీ గీసేవాడు ట్రేసరు. మా హాలు గోడల నిండా ఉన్న మ్యాపులన్నీ ఆయన చేతి మీదుగా దిగినవే. మూలన సంతకం మాత్రం ఇంజనీరుగారిది. ఆయన కామవరపుకోట మెరకలో పుట్టారు. తండ్రి కామందు పొలంలో పాలేరు. మిషను బడి పిల్లవాడి చేతిలో గీత ఉందని కనిపెట్టింది, ఈ ఉద్యోగం దాకా తీసుకొచ్చింది. "మా ఊళ్ళో నీళ్ళంటే బావి అడుగున ఉండేవేనండీ. ఏలూరు వచ్చాక కొల్లేరు చూసి, ఇన్ని నీళ్ళు బయట పెట్టుకున్నారేంటా అనుకున్నాను" అనేవారు. ఆయనకి పెళ్ళి సంబంధం కూడా కొల్లేటి లంకలోనే కుదిరింది. ప్రతి క్రిస్మసుకీ దోనెలో అత్తవారింటికి వెళ్ళొచ్చి, మాకు అరిసెలు పంచిపెట్టేవారు. మాలో తిన్నవాళ్ళూ ఉన్నారు, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని దారిలో పారేసినవాళ్ళూ ఉన్నారు. ఆయనకి ఆ సంగతి తెలుసు. అయినా మళ్ళీ యేడు తెచ్చేవారు.

కుడిచెయ్యి వణకడం ఎప్పుడు మొదలైందో ఆయన చెప్పలేదు. మేం కనిపెట్టేసరికి, కలం ముంచినప్పుడల్లా ఇంకుసీసా టకటకలాడుతోంది. ఒక మ్యాపులో గట్టు గీత వంకర పోయింది. పైవాళ్ళు ఆయన్ని బల్ల మీంచి లేపి మ్యాపుల గదిలో కూర్చోబెట్టారు. అడిగినవాళ్ళకి అడిగిన మ్యాపు చుట్ట తీసివ్వడం, మళ్ళీ చుట్టి పెట్టుకోవడం, అంతే పని. జీతం అదే, గౌరవం అదే. కానీ మనిషి అన్నం తినేటప్పుడు కూడా తల ఎత్తడం మానేశారు. నాకైతే ఆ గదిలోకి వెళ్ళాలంటే కాళ్ళు వచ్చేవి కావు.

ఆ వేసవిలో చెయ్యి పెద్దాసుపత్రిలో చూపించుకొస్తానని మద్రాసు వెళ్ళారు. తిరిగొచ్చినప్పుడు చంకలో ఒక చెక్క చట్రం ఉంది. దానికి పలుచటి పట్టుగుడ్డ బిగించి ఉంది.

"మందేమైనా ఇచ్చారాండీ?" అన్నాను.

"దీనికి మందు లేదన్నారండి. రానురానూ పెరుగుతుందిట. పోనీలెండి, తేలిపోయింది కాబట్టి ఆ దిగులు వదిలింది. ముందు ఇది చూడండి" అన్నారు.

ఆయన దిగిన ఇంటి పక్కసందులో, రంగూన్లో పని నేర్చుకొచ్చిన ఒకాయన సబ్బులకీ బీడీలకీ బొమ్మల బోర్డులు అచ్చువేసేవాడట. ఆసుపత్రి నుంచి వచ్చాక రోజూ ఆయన గుమ్మంలో కూర్చుని చూశారట. ముందు కాగితంలో బొమ్మ ఆకారం కత్తిరించి తీసెయ్యాలి. ఆ కన్నాల కాగితాన్ని చట్రం అడుగున పట్టుకి అంటించాలి. చట్రాన్ని మంచి కాగితం మీద పెట్టి, అవిసెనూనెలో నూరిన రంగు ఒక పక్కన పోసి, రబ్బరు అంచు ఉన్న చెక్కతో ఈ చివరి నుంచి ఆ చివరికి లాగాలి. కన్నం ఉన్నచోట పట్టులోంచి రంగు దిగుతుంది, లేనిచోట దిగదు. రంగుకొక చట్రం.

"గీత గియ్యాలంటే వేళ్ళు కావాలండీ. లాగడానికి భుజాలు చాలు. భుజాలు ఇంకా నా మాట వింటున్నాయి" అని, ఆయన అసలు సంగతి బయటపెట్టారు. "ఈ చెయ్యి మొత్తం మొరాయించేలోగా, నా బొమ్మ ఒక్కటి మన హాలు గోడ మీద చూసుకోవాలండీ. అక్కడున్నవన్నీ నేను గీసినవే. నావి మాత్రం కావు."

కానీ కాగితం కత్తిరించడానికి వేళ్ళు కావాలి కదా. అందుకని మా వెంట పడ్డారు. ఆఫీసు వెనక వసారాలో, కాలువ లాకుల పాత తలుపుచెక్కలు పేర్చి ఉండేచోట, రెండు చెక్కలు బల్లలా వేసుకుని సాయంత్రం పని అయ్యాక నిలబడేవారు. మేం ఇళ్ళకి పోతుంటే, "ఏవండీ, ఒక్క క్షణం మీ వేళ్ళు ఇచ్చి వెళ్ళండీ" అనేవారు. మొదట్లో మేం నవ్వుకున్నాం. హెడ్డుగుమాస్తాగారైతే, "గుమాస్తాకి సాయంత్రమయ్యాక ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కోవడం ఒక్కటే కళ అండీ" అని నడిచిపోయారు. నేను మొహమాటానికి ఆగాను. ఆయన చెప్పినట్టు చిన్న చాకుతో ఒక కొరమీను ఆకారం కోశాను. అదేమీ చేపలా లేదు, చెప్పులా ఉంది. ఆయన చట్రం పెట్టి, రెండు చేతులతో చెక్క పట్టుకుని, ఒంటి బరువంతా దాని మీద వేసి లాగి, చట్రం ఎత్తారు. కింద నల్లగా, తడిగా నా చేప. దానికి తోక ఉంది, కన్ను ఉంది. నేను రాసిన వేల నకళ్ళలో ఒక్క అక్షరం నా సొంతం కాదు. ఆ చేప నాది. ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చూపిస్తే పులుసు పెట్టమంటారా అంది. అయినా గూట్లో పెట్టుకున్నాను.

మర్నాడు మా డిస్పాచి గుమాస్తా వచ్చాడు. ఆఫీసు ముద్రలన్నీ అతని దగ్గరే ఉండేవి, లాకు చీటీలకి కావలసిన చెక్కముద్రలు అతనే చెక్కేవాడు. చాకు పని వచ్చినవాడు దొరికాడని ట్రేసరుగారికి ఎక్కడలేని సంతోషం. ఆ తరవాత ఇంకొందరు చేరారు. చివరికి ఒక శనివారం హెడ్డుగుమాస్తాగారు, దారిలో ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వచ్చి, తన గొడుగు బొమ్మ కోస్తానన్నారు. మా ఆఫీసులో మంచినీళ్ళ కుండలు రెండు. ఎందుకు రెండో ఇక్కడ రాయక్కర్లేదు. రంగు వదిలించుకునే కిరసనాయిలు డబ్బా మాత్రం ఒక్కటే. అందులో ట్రేసరుగారు చెయ్యి ముంచాక హెడ్డుగుమాస్తాగారు చెయ్యి ముంచి కడుక్కుని, వెడుతూ వెడుతూ, "వచ్చే శనివారం ఎర్రరంగు ఉంటుందాండీ?" అని అడిగారు. క్రిస్మసు అరిసెల్ని దారిలో పారేసిన పెద్దమనిషి ఆయనే.

చెబుతున్నంత సుళువుగా ట్రేసరుగారి చెయ్యి లొంగలేదు. మొదట్లో ఆ వణుకు చెక్కలోంచి కాగితం మీదికి దిగేది. రంగు అలలు అలలుగా పడేది. పాత పత్రికలు పెట్టుకుని, మేం రాకముందూ మేం వెళ్ళాకా అదే పనిగా లాగేవారు. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఊపిరి బిగబట్టి, కాళ్ళ దగ్గర నుంచి బరువు తెచ్చి వేస్తే వణుకు అణుగుతుందని ఆయనే కనుక్కున్నారు. మాకు కూడా ఒకే మాట నూరిపోసేవారు: "మధ్యలో ఆగకండీ. ఆగినచోట చార పడుతుంది, దాన్ని ఎవరూ చెరపలేరు. బాగోకపోయినా సరే, చివరిదాకా లాగండి." నేను చార పడ్డ కాగితం చింపబోతే చెయ్యి పట్టుకుని ఆపేవారు. చూసుకుంటే రేపు ఎక్కడ ఆగకూడదో తెలుస్తుందనేవారు.

మేం బొమ్మలు పోగేస్తుంటే ఆయన ఇంజనీరుగారి గదికి వెళ్ళారు. నేను ఫైళ్ళు పట్టుకుని అక్కడే ఉన్నాను.

"ఒక శనివారం మధ్యాహ్నం మన హాల్లో గుమాస్తాలు వేసిన బొమ్మలు పెట్టుకుంటామండి" అన్నారు.

"ఇది ఆఫీసండీ, తిరణాల కాదు. గోడలు మ్యాపులకి" అన్నారు ఇంజనీరుగారు తల ఎత్తకుండా.

"చిత్తమండీ" అని వచ్చేశారు. నెల తిరిగాక మళ్ళీ వెళ్ళారు. అదే మాట అడిగారు, అదే జవాబు విన్నారు, చిత్తమండీ అని వచ్చారు. ఆ పై నెల కూడా అంతే. ఇంకోసారి వెళ్ళినప్పుడు ఇంజనీరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎన్నిసార్లు అడుగుతారండీ మీరు?"

"రిటైరయ్యేదాకా అడుగుతానండి. ఆ తరవాత పిటీషనుదారుగా వచ్చి అడుగుతాను."

ఇంజనీరుగారికి నవ్వు వచ్చిందో కోపం వచ్చిందో నేను చెప్పలేను. ఒక్క శనివారం అన్నారు. గోడకి మేకు కొట్టకూడదు, మ్యాపు తియ్యకూడదు, ఆఫీసువేళలో రంగు ముట్టకూడదు అన్నారు. ట్రేసరుగారు బయటికి వచ్చి, మ్యాపుల గది తలుపు దగ్గర నిలబడి ఒళ్ళంతా వణుకుతూ నవ్వారు.

ఇంక ఆయన సొంత బొమ్మ ఒక్కటే మిగిలింది. కొల్లేరు. మా ఊరి వైపు గట్టు మీద నిలబడి చూస్తే ఎడమపక్క లంక, లంక కొసన తెల్లటి చిన్న చర్చి, కుడిపక్క వరసగా తాటిచెట్లు, మధ్యలో దోనెలు. నాలుగు రంగులు. మేం తలొక రంగూ పంచుకుని ఇంటి దగ్గర కోసుకొచ్చేటట్టు, రోజుకొక రంగు ఆరబెట్టి ఆయన లాగేటట్టు ఏర్పాటు. రాజమండ్రి నుంచి తెప్పించిన దళసరి కాగితాలు ఆ బొమ్మకి సరిపోయేటన్నే ఉన్నాయి. ఆ శనివారానికి ముందు సోమవారం సాయంత్రం డిస్పాచి గుమాస్తా కోసుకొచ్చిన నీలం కాగితం అంటించి, అన్నిటి మీదా నీళ్ళు లాగేశారు. ఎక్కడా అల లేదు, చార లేదు. అంత బాగా లాగడం అదే మొదలు.

మంగళవారం నా పచ్చరంగు కాగితం దాని మీద పెట్టి చూస్తే, చెట్లు నీళ్ళ మధ్యలో ఉన్నాయి. లంక ఉండాల్సినచోట నీళ్ళున్నాయి. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కాసేపటికి డిస్పాచి గుమాస్తా నెత్తిన చేతులు పెట్టుకుని చెక్కల మీద కూలబడిపోయాడు. ముద్ర చెక్కేవాడికి ఏది చెక్కినా తిరగేసి చెక్కడం అలవాటు. అచ్చు అంటే అచ్చే కదా అని, బొమ్మని తిరగేసి కోశాడు. పట్టులోంచి దిగే రంగు తిరగబడదన్న సంగతి చేతికి గుర్తు లేదు.

"శనివారానికి ఈ బొమ్మ మానేద్దామండీ. మిగతావి ఉన్నాయిగా" అన్నారు హెడ్డుగుమాస్తాగారు మెల్లగా.

మోకాలి మీద ట్రేసరుగారి చెయ్యి కొట్టుకుంటోంది. ఆ వారాల్లో వణుకు ఎడమచేతికి కూడా పాకిందని మాకు తెలుసు. ఇంకో శనివారం వస్తుందో రాదో, వచ్చినా ఆ చేతులు ఉంటాయో ఉండవో ఆయనకి మాకన్నా బాగా తెలుసు. డిస్పాచి గుమాస్తా ఏడుపు గొంతుతో ఏదో అనబోయాడు.

"మీరు కోసింది చక్కగా ఉందండీ, నేను లాగింది కూడా చక్కగానే ఉంది" అన్నారు ట్రేసరుగారు. లేచి నా చేతిలో కాగితం తీసుకుని వెనక్కి తిప్పారు. "నీళ్ళు అటు తిరిగాయి. మిగతావి కూడా అటే తిప్పుకుందాం. ఇంకో నీలం లేదు, ఇంకో కాగితం లేదు. కానివ్వండి."

అలా కొల్లేరు కొల్లేరంతా తిరగబడి అచ్చయింది. ఎడమ లంక కుడికి వచ్చింది, తాటిచెట్లు ఎడమకి పోయాయి. బొమ్మ బాగుంది. కానీ చూసిన ప్రతివాడూ తప్పని పట్టేస్తాడని మాకందరికీ లోపల బెంగ.

శనివారం హాల్లో స్తంభానికీ స్తంభానికీ తాళ్ళు కట్టి, కాగితాలు గుచ్చే తుమ్మముళ్ళతోనే బొమ్మలు గుచ్చాం. హెడ్డుగుమాస్తాగారి ఎర్రగొడుగు, నా లాకు తలుపులు, డిస్పాచి గుమాస్తా వంకాయలు. గుమాస్తాల ఇళ్ళ ఆడవాళ్ళు ఆఫీసులో అడుగుపెట్టడం అదే మొదలు. పిటీషన్ల కోసం వచ్చిన నల్లజర్ల రైతులు కూడా పని మర్చిపోయి నిలబడి చూశారు. మా ఆవిడ లాకు తలుపుల ముందు నిలబడి, పక్కావిడతో "మావారు వేశారండీ" అంటుంటే నేను విననట్టు అటు తిరిగాను. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, దాచుకోను.

ఇంజనీరుగారు చేతికర్రతో వచ్చారు. ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి, కొల్లేరు దగ్గర ఆగిపోయారు. ఆయనకి కొల్లేరు మ్యాపు కంఠతా వచ్చు.

"ఇదేమిటండీ? చర్చి ఎడమపక్క ఉండాలి. తిరగబడిందే" అన్నారు.

డిస్పాచి గుమాస్తా స్తంభం వెనక్కి తప్పుకున్నాడు. అప్పుడు గుమ్మం పక్కనుంచి, తలమీద కొంగు సర్దుకుంటూ, ట్రేసరుగారి భార్య ముందుకు వచ్చారు.

"మా పుట్టిల్లు ఆ లంక వెనకాల ఇంకో లంకండి. మా రేవులో నిలబడి చూస్తే ఇట్టాగే ఉంటదండి. చర్చి కుడిచేతి వైపు, తాటిచెట్లు ఎడమచేతి వైపు. చిన్నప్పుడు రోజూ ఇదే చూసేదాన్నండి" అన్నారు. తరవాత భర్త వైపు తిరిగి, "మీరు ఎప్పుడు చూశారండీ మా వైపు నుంచి?" అని అడిగారు.

ట్రేసరుగారు భార్యని, బొమ్మని మార్చి మార్చి చూశారు. యేటేటా ఆ రేవులో దిగిన మనిషి. అక్కడ వెనక్కి తిరిగి ఒక్కసారి కూడా చూసుకోలేదని తరవాత నాతో అన్నారు.

ఇంజనీరుగారు చేతికర్రతో బొమ్మ కింది అంచు చూపించారు. "అయితే ఎటునుంచి చూసిందో కింద రాయాలి. గోడ మీద ఉండేదానికి దిక్కు ఉండాలి" అన్నారు. అని, బంట్రోతుని పిలిచి, "ఒక మేకు చూడు" అన్నారు.

హెడ్డుగుమాస్తాగారు తన గుండ్రటి దస్తూరీతో రాస్తానని కలం తీశారు. "నేను రాసుకుంటానండీ" అన్నారు ట్రేసరుగారు. కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకున్నారు. రెండూ వణుకుతున్నాయి. మేమంతా అలా నిలబడే ఉన్నాం. కొల్లేరు, లంక వైపు నుంచి అని రాసి, దాని కింద తన పేరు రాసుకున్నారు. అక్షరాలు గట్టు మీద తూలే మనిషిలా అటూ ఇటూ పోయాయి, కానీ చదవడానికి వచ్చాయి. ఆ బొమ్మ ఈరోజు కూడా మా హాల్లోనే ఉంది.

రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఓపిక ఉన్నన్నాళ్ళు శనివారం పాసింజరులో వచ్చి మా వసారాలో నిలబడేవారు. ఓపిక తగ్గాక మేమే చట్రాలు మోసుకుని వెళ్ళేవాళ్ళం. భుజాలు కూడా మాట వినడం మానేశాక, మేం అమ్మగారని పిలిచే ఆయన భార్య వెనక నిలబడి ఆయన చేతుల మీద తన చేతులు వేసి నొక్కేవారు. ఇద్దరూ కలిసి లాగేవారు. "ఈవిడది లంక చెయ్యండీ, తెడ్డు వేసిన చెయ్యి" అని మురిసిపోయేవారు.

మొన్న మేం వెళ్ళేసరికి పెట్టెలో పడుకోబెట్టి ఉన్నారు. చర్చి వాళ్ళు పాట అందుకున్నారు. అమ్మగారు మమ్మల్ని చూసి, "వచ్చారా బాబూ" అని పక్కకి జరిగి చోటిచ్చారు. గుండెల మీద పెట్టిన ఆయన చేతుల్లో గోళ్ళ సందున నీలం రంగు అలాగే ఉంది. "కిరసనాయిలు పెట్టి తుడుస్తామన్నారండి మావాళ్ళు. నేనే వద్దన్నాను" అన్నారావిడ. వచ్చినవాళ్ళంతా చూసి, ఎంత ప్రశాంతంగా ఉన్నారో అనుకుంటున్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. అన్నం తింటున్నప్పుడు, ప్రార్థన చేసుకుంటున్నప్పుడు, రైలు కిటికీ మీద ఆనించుకున్నప్పుడు కూడా ఆ చెయ్యి ఊరికే ఉండడం నేనెన్నడూ చూడలేదు. పెట్టె మూసేదాకా ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను, ఒక్కసారి వణుకుతాయేమోనని.